చాటింపు తర్వాత తిరగవాత

బాణలిలో ఆవాలు చిటపటమన్నాయి. డిటెక్టివ్ వాణి వీడియోను వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. నూనె, ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకు. తిరగవాతను పప్పులో బోర్లించి, తెర మీది అమ్మాయి నవ్వుతూ రండి తిందామంటోంది. ఆ అమ్మాయి పేరు తేజస్విని. ఫోన్లలో ఆమెను చూసే అరవై వేలమందికి మాత్రం తేజక్క.

నిజానికి ఈ వీడియోల వాళ్ళంటే వాణికి ఒళ్ళుమంట. అన్నం ముందు పెట్టుకుని తినకుండా ఫొటో తీసేవాళ్ళను చూస్తే ఆమెకున్న ఆకలి కూడా చచ్చిపోతుంది. కానీ ఎదురుగా కుర్చీలో తేజస్విని తల్లి మునిలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంటే ఆ మాట పైకి అనేదెలా? పుంగనూరులో పాలకేంద్రంలో పనిచేసే మనిషి ఆమె. ఈరోజు పనికి సెలవు పెట్టి, మొదటి బస్సుకే మదనపల్లె వచ్చి, వాణి ఆఫీసు తలుపు తీసేదాకా మెట్లమీదే కూర్చుంది.

ఆమె ఏడుపు మధ్యలో చెప్పినదంతా ఏరి కలిపితే సంగతి ఇది. కూతుర్ని కుప్పం దగ్గర గొల్లగుట్టపల్లెకు ఇచ్చి ఐదేళ్ళయింది. అల్లుడు దిలీప్ స్కూలు వ్యాను నడుపుతాడు. వారం కావస్తోంది, కూతురు ఫోనెత్తడం లేదు. మెసేజి పెడితే 'బాగుండాను మా, పనిలో ఉండాను' అని అక్షరాలు వస్తాయి గానీ గొంతు రాదు. అల్లుడేమో బెంగుళూరులో షూటింగుకు పోయిందంటాడు. నిన్న కుప్పం పోయి ఎస్సై ముద్దుకృష్ణ కాళ్ళావేళ్ళా పడితే, ఆయన తన ఫోను తీసి తేజక్క తాజా వీడియోనే ఆమెకు చూపించాడు. రోజూ వండి పెడుతున్న బిడ్డను తప్పిపోయిందంటావేమమ్మా అని నవ్వి పంపించేశాడు.

"ఊరికే పోయి సూసొద్దామనుకున్నా మేడమ్," అంది మునిలక్ష్మి. "వాళ్ళ ఊర్లో గంగమ్మకు చాటింపేసేసినారంట. పొద్దుగూకినాక ఊర్లో ఉండిపోతే ఇంక జాతర అయ్యేదాకా పొలిమేర దాటనీరు. డ్యూటీ ఉండాది గదా అని ఆగినా. ఆగకుండా ఉండాల్సింది."

"చాటింపు ఎప్పుడేశారు?"

"పోయిన మంగళారం."

వాణి వీడియో కింద తేదీ చూసింది. నిన్న సాయంత్రం పెట్టింది. ఆమెది కూడా అవతల కురబలకోట పక్కన పల్లెటూరే. గంగమ్మ జాతరకు డప్పుతో చాటింపు వేసిన గడియ నుంచి ఊళ్ళో ఏ పొయ్యి మీదా నూనె కాగకూడదని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అమ్మవారు ఒంటినిండా పొక్కులు పోసుకుని ఉండే దినాలవి. ఆవాలు చిటపటమంటే ఆ తల్లికి ఒళ్ళు మండుతుందని, జాతర ముగిసేదాకా ఉడకేసిందే తింటారు. తిరగవాత వాసన గడప దాటిందంటే ఊరంతా ఆ ఇంటి ముందుంటుంది.

అలాంటి ఊళ్ళో ఉంటూ చాటింపు తర్వాత తేజస్విని తిరగవాత పెట్టి అరవై వేలమందికి చూపించదు. ఇది పాత వీడియో. మొన్నటి వంకాయ వేపుడూ పాతదే, అటుమొన్నటి వడలూ పాతవే. వీడియోలు రావడానికీ మనిషి బాగుండటానికీ సంబంధమే లేదు. ఈ మాట ఎంత మెత్తగా చెప్పాలా అని వాణి ఆలోచిస్తుండగానే తల్లికి అర్థమైపోయింది.

"అయితే నా బిడ్డ ఏమైనట్టు మేడమ్?"

ఆ ప్రశ్నకు సాయంత్రంలోపల జవాబు తెస్తానని వాణి మాటిచ్చింది. ఇచ్చాక, మాట ఇవ్వకుండా ఉండాల్సిందేమో అనిపించింది. మునిలక్ష్మిని పుంగనూరులో ఇంటి దగ్గర దింపి, పలమనేరు దాటాక కారు పక్కకు ఆపి ముద్దుకృష్ణకు ఫోను చేసింది. సంగతి విన్న ఎస్సై కాసేపు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, మీరేం ముట్టుకోకండి, నేను వస్తున్నానన్నాడు. ముట్టుకోవద్దని చెప్పించుకోవడం వాణికి చిన్నప్పట్నుంచీ పడదు.

గొల్లగుట్టపల్లె పొలిమేరలో వేపమండల తోరణం కింద ఎల్లప్ప అనే పెద్దాయన డప్పు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. చాటింపు వేసింది ఆయనే. జాతర దాకా కాపలా కూడా ఆయనే. వాణిని లోపలికి వదిలాడు గానీ పొద్దుగూకేలోపల బయటపడాలని షరతు పెట్టాడు. మంగళవారం తర్వాత ఈ ఊరి మనిషి ఒక్కడు కూడా పొలిమేర దాటలేదని, దాటి ఉంటే తన కంట్లో పడకుండా పోడని గంగమ్మ మీద ఒట్టేశాడు. ఒక్క స్కూలు వ్యానుకు మాత్రం పిల్లల చదువు పాడవుతుందని ఊరి పెద్దలు మినహాయింపు ఇచ్చారట. తేజస్విని గురించి అడిగితే ఆయన ముఖం విప్పారింది. మంగళవారం మధ్యాహ్నం డప్పు కొట్టుకుంటూ పోతే ఆ అమ్మాయే గడపలోకి వచ్చి చేటతో బియ్యం పోసిందట.

దిలీప్ ఇంటి అరుగుమీద కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి, గడ్డం పెరిగింది, కళ్ళు గుంటలు పడ్డాయి. వాణి ఎవరో తెలిశాక మంచినీళ్ళు ఇచ్చాడు. అబద్ధాలకు అలవాటు లేని మనిషని ఆమెకు రెండు ప్రశ్నల్లో తేలిపోయింది. భార్య బెంగుళూరుకు ఎప్పుడు పోయిందంటే గురువారం అన్నాడు. చాటింపు అయ్యాక ఎల్లప్ప ఎలా వదిలాడని అడిగితే, కాదు కాదు, సోమవారం అన్నాడు.

"సోమవారం బెంగుళూరు పోయిన మనిషి మంగళవారం మధ్యాహ్నం నీ గడపలో నిలబడి ఎల్లప్పకు బియ్యం ఎట్లా పోసిందప్పా?"

దిలీప్ చేతిలోని చెంబును అరుగుమీద పెట్టబోతే అది దొర్లి నీళ్ళన్నీ కిందికి పోయాయి. వాణి అతన్ని ఇంకేమీ అడగకుండా వంటింట్లోకి నడిచింది.

వంటిల్లు అద్దంలా ఉంది. అనుమానం వచ్చేంత శుభ్రంగా ఉంది. వీడియోల్లో పొయ్యి పక్కన ఎప్పుడూ కనిపించే నల్ల ఇనుప బాణలి లేదు. జాతరకు గోడలకు సున్నం కొట్టడం ఎవరైనా చేసేదే గానీ, ఇక్కడ పొయ్యి వెనక చాప వెడల్పు మేర మాత్రమే కొట్టారు. మిగతా గోడంతా పాత పొగచూరుతోనే ఉంది. కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కి ఉన్నాయి. వాసన బయటికి పోకూడదని ఎవరో లోపలినుంచి మూసుకున్నారు. అంటే చాటింపు తర్వాత ఈ ఇంట్లో నూనె కాగింది.

ఆమె తలెత్తి చూసింది. గోడకు సున్నం కొట్టినవాళ్ళకు పైకప్పు గుర్తు రాలేదు. రేకు కింద నూనె చుక్కలు, పొయ్యికి సరిగ్గా పైన చిక్కగా, పక్కలకు పోయేకొద్దీ పలచగా చెదిరి, దుమ్ము పట్టి అంటుకుపోయి ఉన్నాయి. వాణి స్టూలు మీదికెక్కి వేలితో గీరి చూసింది. బాణలి ఒరిగితే నూనె కిందికి పోతుంది, కాళ్ళమీద పడుతుంది. పైకప్పును తాకిందంటే కాగే నూనెలో నీళ్ళు పడ్డాయి. చుక్కో రెండు చుక్కలో కాదు, ఒక చెంబెడు. వంటొచ్చిన ఏ ఆడమనిషీ చెయ్యని పని అది. తేజస్విని అసలే చెయ్యదు.

బయట జీపు ఆగిన చప్పుడైంది. ముద్దుకృష్ణ ఇద్దరు కానిస్టేబుళ్ళతో దిగాడు. చెడ్డవాడేం కాదు ఆయన. పని చేస్తాడు, కాకపోతే చేస్తున్నట్టు నలుగురికీ కనపడాలి. కుప్పం స్టేషనుకు ఫేసుబుక్కులో ఒక పేజీ పెట్టించి, దొంగను పట్టినా కోడిని పట్టినా అందులో ఎక్కిస్తాడు. ఇప్పుడు కూడా ఒక కానిస్టేబులు ఫోను నిలువుగా పట్టుకుని వెనకాలే నడుస్తున్నాడు.

తర్వాతదంతా గబగబా జరిగిపోయింది. పెరట్లో గడ్డివామి పెళ్ళగిస్తే నల్లగా మాడిన బాణలి దొరికింది. దాంతో పాటు సగం కాలిన చీర కొంగు కూడా దొరికింది. ముద్దుకృష్ణ దాన్ని కర్రతో ఎత్తి ఫోనుకు చూపించాడు. వాణి అడ్డం వచ్చిందని విసుక్కున్నాడు.

"మేడమ్, కొంచెం పక్కకు జరగండి. ఫ్రేములో పడతాండారు."

"నిన్న ఆ తల్లి మీ కాళ్ళు పట్టుకున్నప్పుడు ఈ ఫ్రేము యాడికి పోయింది సార్?"

ఎస్సై ముఖం మాడింది. కానిస్టేబులుకు ఫోను దించమని సైగ చేశాడు. మీ తిరగవాత తెలివికి దండం పెడుతున్నా గానీ, ఇక్కణ్ణుంచి ఇది హత్య కేసు, నాకు వదిలేయండి అన్నాడు. కాల్చి చంపి, శవాన్ని స్కూలు వ్యానులో తీసుకుపోయి ఎక్కడో పూడ్చాడు. ఎవరికీ అనుమానం రాకుండా పాత వీడియోలు రోజుకొకటి వదులుతున్నాడు. ఇదీ ఆయన లెక్క. లెక్క బాగానే ఉంది. తన తిరగవాత మాటే ఒక మనిషి చేతికి బేడీలు వేయిస్తోంది గానీ, వాణికి ఆ లెక్క మింగుడుపడలేదు. ఎందుకంటే దిలీప్ కొట్టినా తిట్టినా ఎదురు చెప్పకుండా ఏడుస్తున్నాడు, వీధిలో జనం పోగవుతుంటే మాత్రం ఆ ఏడుపును కూడా మింగేస్తున్నాడు. బేడీల కంటే ఊరికే ఎక్కువ భయపడుతున్నాడు.

ఆమె అరుగు చివర కూర్చుని ఫోను తీసింది. వీడియోలు పాతవి సరే. వాటి కింద రాసేవాళ్ళకు జవాబులు ఎవరిస్తున్నట్టు? గుర్రంకొండ నుంచి ఎవరో పెద్దామె రోజూ రాస్తోంది. నిన్న రాత్రి ఆమెకు తేజక్క జవాబు ఇలా ఉంది: 'పెద్దమ్మా, మోకాలికి నువ్వులనూనె రాస్తాండావా లేదా? మొన్న దసరాకు ఇంతే సెప్పినా నువ్వు ఇనలేదు.' ఇంకొక అమ్మాయికి: 'సీమంతం అయిపోయిందా తల్లీ? గాజులు ఏ రంగు ఏయించుకున్నావు?' అలా పదులకొద్దీ ఉన్నాయి. ఎవరి బిడ్డకు దగ్గు, ఎవరికి కొత్త ఉద్యోగం, ఎవరు అత్తతో మాట్లాడటం మానేశారు, అన్నీ గుర్తున్న మనిషి రాసిన జవాబులవి. దిలీప్ వల్ల అయ్యే పని కాదు.

తేజస్విని బతికే ఉంది. వాణికి ఆ క్షణంలో ఎంత సంతోషమైందంటే, ముద్దుకృష్ణ చేతిని కూడా పట్టుకుని ఊపబోయింది. ఆయన జవాబులు చదివి, ఎవరైనా రాస్తారమ్మా ఇవి అని కొట్టిపారేశాడు. వ్యానులో రక్తపు మరకలు వెతకమని పురమాయించి, ఇంట్లో ఇంకెవరుంటారని దిలీప్‌ను అడిగాడు. జవాబు గుమిగూడిన జనంలోంచి వచ్చింది. చెల్లెలు సింధూజ ఉంది, కుప్పంలో బట్టల కంపెనీలో పని, అక్కడే గది తీసుకుని ఉంటుంది, తేజక్క వీడియోలన్నీ తీసేది కూడా ఆ అమ్మాయే. అయితే ఆమెను కూడా స్టేషనుకు పిలిపించండి అన్నాడు ఎస్సై.

దిలీప్ ఉలిక్కిపడి తలెత్తాడు. వాణి వచ్చినప్పట్నుంచి అతను తనంతట తాను నోరు తెరవడం అదే మొదటిసారి.

"దాని గది కాడికి మాత్రం పోవద్దు సార్. మీకు దండం పెడతా."

ముద్దుకృష్ణ ఆ మాటను చెల్లెలి మీది ప్రేమ కింద జమకట్టుకున్నాడు. వాణి అలా అనుకోలేదు. సింధూజ గది ఎక్కడో ఒక ముసలామెను అడిగి తెలుసుకుని, ఎవరికీ చెప్పకుండా కారెక్కింది. ఎల్లప్ప పెట్టిన గడువుకు ఇంకా పొద్దు మిగిలే ఉంది.

కుప్పంలో ఆ గది మిద్దెపైన ఉంది. కింద ఇంటివాళ్ళావిడను అడిగితే సింధూజ డ్యూటీ నుంచి ఇంకా రాలేదంది. పైన ఎవరో చుట్టాలమ్మాయి జ్వరంతో పడుకుని ఉందట. వాణి మెట్లెక్కి తలుపు తట్టింది. చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. తీసిన మనిషి వెంటనే గోడవైపు తిరిగిపోయింది.

గదిలో మందుల వాసన, దాని కింద ఇంకొక చెడ్డ వాసన. చీము వాసన అది, వాణి ఆ వాసనను గుర్తుపట్టగలదు. మంచం మీద కూర్చున్న అమ్మాయికి కుడి చెంప నుంచి మెడ, భుజం దాకా గుడ్డ కట్టు. కుడిచెయ్యి మొత్తం కట్టే. ఎడమచేతిలో ఫోను. మిగిలిన సగం ముఖంలో వాణి పొద్దున్నుంచి చూస్తున్న తేజక్క ఉంది.

"మీ అమ్మ పంపింది," అంది వాణి. తను అనుకున్నదానికంటే మెత్తగా వచ్చింది ఆ మాట.

తేజస్విని ఏడవలేదు. అమ్మకు చెప్పొద్దని మాత్రం రెండుసార్లు అడిగింది. తర్వాత మెల్లగా అంతా చెప్పింది. జాతరకు ముందు కజ్జికాయల వీడియో పెడితే లక్షలమంది చూస్తారని సింధూజ పోరు పెట్టిందట. చాటింపుకు ముందే తీయాల్సింది, పనుల్లో పడి కుదరలేదు. మంగళవారం సాయంత్రం కిటికీలు మూసుకుని, వాసన రాకుండా గుడ్డలు కుక్కి, బాణలి పెట్టారు. నూనె ఎగిసి మీద పడింది. ఆస్పత్రిలో చేర్పిస్తే కాలిన కేసని పోలీసులొస్తారు, దిలీప్‌ను లాక్కుపోతారు. అప్పుడు చాటింపు తర్వాత నూనె పెట్టిన సంగతి ఊరికి తెలుస్తుంది. గంగమ్మే శిక్ష వేసిందని వేలెత్తి చూపిస్తారు, ఊళ్ళో ఎవరికి జ్వరం వచ్చినా ఆ పాపం వీళ్ళదే అంటారు. అందుకని దిలీప్ తెల్లవారుజామున ఆమెను వ్యానులో పడుకోబెట్టి, సింధూజను సీట్ల మధ్య దాచి, ఇక్కడికి తెచ్చాడు. ఒక ప్రైవేటు డాక్టరు కట్టు కట్టి, చేర్పించి తీరాలని చెప్పాడు. నర్సింగు సగం చదివాను, కట్లు నేనే మారుస్తానని సింధూజ బాధ్యత తీసుకుంది.

వాణి ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది. కాలిపోతోంది.

"ఇట్లాంటి ఒంటితో రోజూ వీడియోలు యాల పెడతాండావమ్మా? ఎవరికోసం?"

కోప్పడాలనే అడిగింది గానీ, ఆ అమ్మాయి చూసిన చూపుకు కోపం నిలవలేదు.

"పెండ్లయి వచ్చినాక ఆ ఇంట్లో మూడు పూట్లా వండినా మేడమ్. తింటారు, లేసిపోతారు. బాగుండాదనీ అనరు, బాగలేదనీ అనరు. ఒగనాడు ఊరికే ఉలవచారు వీడియో తీసి పెట్టినా. కురబలకోటాయన ఎవురో, 'అక్కా, సచ్చిపోయిన మాయమ్మ సేసినట్టే సేసినావు' అని రాసినాడు. ఆ పొద్దు ఎంత ఏడ్సినానో. అప్పట్నుంచి ఒగదినం కూడా మానలేదు."

"ఇప్పుడైనా మానొచ్చు గదా."

"ఇప్పుడెట్ల మానేది? ఈడ అద్దం కూడా లేదు, సింధూ తీసేసింది. ఆ ఫోన్లో ఒక్కచోటే నా మొగం ఉండాది. వాళ్ళకు నేను కాలిపోయినట్టు తెలీదు గదా మేడమ్. తేజక్కా, నవ్వితే ఎంత బాగుంటావో అని రాస్తారు. వాళ్ళతో మాట్లాడేటప్పుడు నాకూ గుర్తుండదు."

పొద్దున్నుంచీ ఈ వీడియోల మనుషులను ఎన్ని మాటలనుకుందో వాణికి గుర్తొచ్చి సిగ్గేసింది. లేని గొప్పకోసం ఎగబడే జనమనుకుంది. ఒక్కరు బాగుందన్న మాటకోసం, ఆ మాట చెప్పే మనిషి ఇంట్లో లేక, ఊళ్ళమీద వెతుక్కునే జనం కూడా ఉంటారని ఆమెకు తట్టలేదు. తేజస్విని జుట్టు సర్దుతూ, నడవగలవా, కింద కారుంది, ఆస్పత్రికి పోదాం అంది. ఒక్క ప్రశ్న మాత్రం అడక్కుండా ఉండలేకపోయింది.

"నూనెలో నీళ్ళెట్లా పడ్డాయమ్మా?"

"నీళ్ళా? నేను కొబ్బరికి ఒంగినా మేడమ్, సూడలేదు. సింధూ ఫోను పట్టుకోనుంది. కరివేపాకు తడిది పడిందేమో అనింది."

"కజ్జికాయల్లో కరివేపాకు యాడిది?"

తేజస్విని గోడవైపు తల తిప్పుకుంది. ఈ ప్రశ్న ఆమె తనను తాను చాలాసార్లు అడుక్కుందని, ప్రతిసారీ ఇలాగే తలతిప్పుకుందని వాణికి తెలిసిపోయింది.

"ఆయమ్మి మంచిది మేడమ్," అంది చివరికి. "నాలుగేండ్లు నా వీడియోలన్నీ తీసింది. ఊపిరి చప్పుడు పడతాదని బిగబట్టుకొని నిలబడేది. నన్నూ ఒగసారి సూపించు వదినా అని ఒగటి రెండుసార్లు అడిగింది. సూద్దాంలే అన్నా. ఎప్పుడూ సూపించలేదు. తప్పు నాదే."

ఆ మాట పూర్తవుతుండగానే ఫోను మోగింది. తేజస్విని తెర చూసి నొసలు ముడిచింది. ఈ పూట జ్వరానికి వీడియో పెట్టలేదని, అయినా తన ఖాతాలో కొత్త వీడియో వచ్చినట్టు చూపిస్తోందని అంది. వీడియోలకు ముందే టైము పెట్టేసి వదిలేస్తామని, ఆ టైముకు అవే వచ్చేస్తాయని, ఖాతా సింధూజ ఫోన్లోనూ ఉంటుందని చెబుతూనే బొటనవేలితో నొక్కింది.

తేజస్విని ఫొటో. ఫొటోకు మల్లెపూల దండ. ముందు దీపం. ఫొటో పక్కన తెల్లచీరలో ఒక అమ్మాయి, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో, మొట్టమొదటిసారి ఫోనుకు ఎదురుగా కూర్చుంది.

"అందరికీ నమస్కారం. నన్ను మీరు ఎప్పుడూ సూడలేదు. నా పేరు సింధూజ. మన తేజక్క ఈ పొద్దు మనల్ని ఇడిసిపెట్టి ఎల్లిపోయింది. ఇంక అక్క వంటలు మీకు నేను సేసి సూపిస్తా. అక్కను ఆదరించినట్టే నన్నూ ఆదరించండి."

కింద వ్యాఖ్యలు వర్షంలా పడుతున్నాయి. గుర్రంకొండ పెద్దమ్మ 'నా తల్లీ' అని రాసి ఇంకేమీ రాయలేకపోయింది. తేజస్విని రెప్ప వేయకుండా చదువుతోంది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారి కట్టు తడుస్తోంది.

"ఎంతమంది ఏడస్తాండారో సూడండి మేడమ్," అంది.

వాణి ఆ వ్యాఖ్యలు చూడటం లేదు. మంచం పక్కనున్న స్టూలు మీద మూత పెట్టిన స్టీలు గ్లాసును చూస్తోంది. మూత తీస్తే అడుగున ఆకుపచ్చటి మడ్డి మాత్రం మిగిలి ఉంది.

"ఇదేంది?"

"జొరానికి కషాయం. పొద్దునే తాగమని సింధూ పెట్టిపోయింది. వాంతికొస్తాంటే మూతేసి పెట్టినా. మీరు తలుపు తట్టకముందే, ఆయమ్మి తిడతాదని మొత్తం తాగేసినా. శానా సేదుగా ఉండాది."

పొద్దున తాగి ఉంటే ఈపాటికి అంతా అయిపోయి ఉండేది. సింధూజ ఆ లెక్కనే సాయంత్రానికి టైము పెట్టింది. వాణి గ్లాసును సంచిలో పడేసుకుని, తేజస్వినిని భుజాన వేసుకుని మెట్లు దిగుతూనే ముద్దుకృష్ణకు ఫోను చేసింది. మనిషి బతికి ఉంది, ఆస్పత్రికి తెస్తున్నాను, బట్టల కంపెనీకి జీపు పంపి సింధూజను పట్టుకోండి, ఏం కలిపిందో ఆమే చెప్పాలి అంది. ఎస్సై ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వస్తాండా మేడమ్ అని మాత్రమే అన్నాడు.

కారు వీధి మలుపు తిరుగుతుండగా వాణి ఫోను మోగింది. మునిలక్ష్మి. ఆ వీడియో పుంగనూరుకు కూడా చేరింది. ఫోనెత్తితే మాటలు లేవు, ఆ తల్లి గొంతులోంచి వస్తున్న చప్పుడు వాణి వినలేకపోయింది. స్పీకరు పెట్టి ఫోనును తేజస్విని ఒడిలో పడేసింది.

"మా, నేనే మా," అంది తేజస్విని. నాలుక అప్పటికే మందమైంది. "నేను సావలేదు మా. ఉండాను."

అవతల ఏడుపు ఒక్కసారిగా ఆగిపోయింది.

"అమ్మా, ఇప్పుడేమీ అడగొద్దు," అని వాణి గట్టిగా అరిచింది. "బిడ్డ నిద్రపోకూడదు. మాట్లాడతా ఉండు. ఏదో ఒకటి మాట్లాడతానే ఉండు."

మునిలక్ష్మి ఎందుకని అడగలేదు. మాట్లాడటం మొదలుపెట్టింది. గౌరమ్మ అనే ఆవు పొద్దున తొక్కిన బిందె సంగతి, ఎదురింటివాళ్ళు మారిపోయిన సంగతి, చిన్నప్పుడు తేజ జొన్నరొట్టెకోసం పెట్టిన పేచీ. ఒక్కో మాటకూ ఒడిలోంచి ఊఁ అని వినిపిస్తోంది. వాణి హారను మీద నుంచి చెయ్యి తీయకుండా నడుపుతోంది. ఆస్పత్రి గేటు దూరంగా కనపడింది. మధ్యలో సంతకు వచ్చిన లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా తిరుగుతోంది.

"...ఆ రొట్టె కుక్కకేసినానని దినమంతా నాతో మాట్లాడలేదు నువ్వు, గుర్తుండాదా తేజా?" అంటోంది మునిలక్ష్మి.

ఊఁ వినపడలేదు.

"తేజా. ఊఁ అనుమా," అంది ఆ తల్లి. మళ్ళీ అదే మాట అంది. వాణి కారు ఆపేసి, దిగి, అమ్మాయిని ఎత్తుకుని లారీ పక్క సందులోంచి గేటువైపు పరుగెత్తింది.